35 శాతం వైకల్యం అని రాశారు, రెండున్నర లక్షలకు సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

కొరిటెపాడు_అక్క | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నాను. మా తమ్ముడికి 34 ఏళ్లు, మిర్చి యార్డులో హమాలీ. నాలుగున్నర నెలల కింద రాత్రి పని ముగించుకుని వస్తుంటే ఏటుకూరు బైపాస్ దగ్గర వెనక నుంచి కారు గుద్దింది. బండి మీద ముగ్గురున్నారు. వీడు చివర కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. వీడికి కుడి తొడ ఎముక, మోకాలి కింద ఎముక రెండూ విరిగాయి. ముందు జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రి), అక్కడి నుంచి ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాడ్లు వేశారు. ఖర్చు మూడు లక్షలు దాటింది. అమ్మ గొలుసు, నా గాజులు అమ్మేశాం.

మొన్న వైకల్యం పరీక్షకు తీసుకెళ్తే 35 శాతం అని రాసిచ్చారు. 40 లేదు కాబట్టి పింఛను రాదన్నారు. ఇప్పుడు కారు తరఫున అని చెప్పి ఒకాయన రెండుసార్లు ఇంటికొచ్చాడు. ముగ్గురు ఎక్కారు కాబట్టి బీమా రాదట, 35 శాతానికి కోర్టులో ఏమీ రాదట, వచ్చినా పదేళ్లు పడుతుందట. రెండున్నర లక్షలు ఇప్పిస్తాను, సంతకాలు పెట్టండి అంటున్నాడు. తెచ్చిన కాగితాల్లో రెండు ఖాళీగా ఉన్నాయి. తమ్ముడు పెట్టేద్దాం అంటున్నాడు. నాకు భయంగా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గుమాస్తా_గుంటూరు | శనివారం రాత్రి 10:05

అమ్మా, ముందు ఒక్క మాట. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

నేను 22 ఏళ్లుగా వకీలు గారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. యాక్సిడెంట్ ఓపీలు, అంటే పరిహారం పిటిషన్లు, వందల్లో చూశాను. మీకు ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద పరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి. 2019 సవరణతో తెచ్చిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీని మీద సుప్రీంకోర్టులో విచారణ నడుస్తోంది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చింది. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు ఇంకా నెలన్నర ఉంది, ఆలోపే వేసేయండి.

ఎఫ్ఐఆర్ అయిందా? కారు నంబరు అందులో ఉందా? డ్రైవరు మీద ఏ సెక్షన్లు పెట్టారు?

కొరిటెపాడు_అక్క | శనివారం రాత్రి 10:20

ఎఫ్ఐఆర్ ఉంది అన్నయ్యగారూ. కారు నంబరు ఉంది. బీఎన్ఎస్ 281, 125 అని రాసి ఉంది. కారు బీమా కాగితం మాత్రం మా దగ్గర లేదు.

గుమాస్తా_గుంటూరు | శనివారం రాత్రి 10:50

బీఎన్ఎస్ అంటే కొత్త శిక్షాస్మృతి. 281 నిర్లక్ష్యంగా బండి నడపడం, 125 ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం. అయితే సగం పని అయినట్టే. కారు నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే బీమా ఏ కంపెనీది, ఎప్పటివరకు ఉంది అనేది తెలుస్తుంది. ప్రమాదం రోజుకి పాలసీ బతికుందా లేదా అన్నదే చూడాలి. స్టేషన్‌లో అడిగి చార్జిషీటు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి ఆసుపత్రి ఇచ్చేది) నకళ్లు తీసుకోండి. 2022 నుంచి ఉన్న రూల్స్ ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదం గురించి మొదటి రిపోర్టు 48 గంటల్లో, వివరమైన రిపోర్టు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి, అంటే ప్రమాద పరిహారాలు తేల్చే కోర్టుకి, పంపాలి. పంపారా లేదా అని కూడా గట్టిగా అడగండి. పంపినా సరే, మీ పిటిషన్ మీరు వేయాల్సిందే.

ఎక్కడ వేయాలి అని చాలామంది తికమక పడతారు. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు ఉండే చోటైనా వేయవచ్చు. మీకు రెండూ గుంటూరే కాబట్టి ఇక్కడి ట్రిబ్యునల్ చాలు. రేపు ఎవరికైనా ఒంగోలు దగ్గర ప్రమాదం జరిగినా, వాళ్లది గుంటూరు అయితే ఇక్కడే వేసుకోవచ్చు.

ముగ్గురు ఎక్కారు కాబట్టి రాదు అన్నది పచ్చి అబద్ధం. 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ముగ్గురు ఎక్కడం ట్రాఫిక్ రూల్ తప్పడమే కావచ్చు. ఆ ముగ్గురు ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందని గానీ, దెబ్బ పెరిగిందని గానీ రుజువైతే తప్ప పరిహారం కోయకూడదు అని. వెనక నుంచి కారు వచ్చి గుద్దితే బండి మీద ఎందరుంటే ఏమిటి?

పటమట_ఆటో | శనివారం రాత్రి 11:15

అక్కా, నేను విజయవాడలో ఆటో తోలతాను. నా కథ చెప్తాను, మీ తమ్ముడికి చదివి వినిపించండి.

నాలుగేళ్ల కింద ఒక వ్యాను గుద్ది నా ఎడమ మోచేయి నలిగిపోయింది. 28 శాతం అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఓపీ వేశాం. ఏడాది తిరక్కుండా లోక్ అదాలత్‌కి రమ్మన్నారు. అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. లక్షా ఎనభై వేలకు ఒప్పుకున్నాను. 28 శాతానికి ఇదే ఎక్కువ అని చెప్పారు, నమ్మాను.

ఆటోలో గేరూ క్లచ్చూ రెండూ ఎడమ చేతిలోనే ఉంటాయి. క్లచ్ నొక్కి పట్టుకుని పిడి తిప్పాలి. బెంజ్ సర్కిల్ నుంచి బస్టాండు దాకా వెళ్లేలోపు ఎన్నిసార్లు తిప్పాలో లెక్కే లేదు. మధ్యాహ్నానికి మోచేయి వాచిపోతుంది, చిటికెన వేలు మొద్దుబారుతుంది. పూటంతా తోలేవాడిని, ఇప్పుడు సగం పూటే. నా సంపాదన 28 శాతం పోలేదు అక్కా, సగం పోయింది. కానీ ఆ మాట ఎవరూ అడగలేదు, నాకు చెప్పాలని తెలియలేదు. లోక్ అదాలత్‌లో రాజీపడితే మళ్లీ అప్పీలు లేదని సంతకం పెట్టాక తెలిసింది.

బీమా_మాజీ | ఆదివారం ఉదయం 6:30

నేను బీమా కంపెనీలో మోటారు క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, విజయవాడలోనే ఉంటాను. ఆటో తమ్ముడు చెప్పింది చదివి బాధేసింది. అయితే లోక్ అదాలత్‌ని తప్పుపట్టలేను. తన కేసు విలువ ఎంతో తెలిసినవాడికి అది మంచి దారి, డబ్బు త్వరగా చేతికొస్తుంది. విలువ తెలియకుండా వెళ్లడమే ప్రమాదం. కాబట్టి అమ్మా, మీ తమ్ముడి కేసు విలువ మీరే వేసుకోండి. లెక్క పెద్ద కష్టం కాదు.

నెల సంపాదన ట్రిబ్యునల్ 15,000 అని ఒప్పుకుందనుకుందాం. ఏడాదికి 1,80,000. సొంతంగా రెక్కల కష్టం మీద బతికేవాళ్లకు 40 ఏళ్ల లోపు అయితే భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. 2017లో ప్రణయ్ సేథీ తీర్పులో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన లెక్క ఇది. మొత్తం 2,52,000. దీన్ని వయసును బట్టి గుణకంతో హెచ్చవేయాలి. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టికలో 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు గుణకం 16. అంటే 40,32,000. ఇప్పుడు దీనిలో ఎంత శాతం అన్నదే అసలు ప్రశ్న. 35 శాతం అంటే 14,11,200. ఇక హమాలీ పని చేయలేడు, కూర్చుని చేసే చిన్నాచితకా పనే చేయగలడు అని రుజువై, ట్రిబ్యునల్ 80 శాతం నష్టం అని తీసుకుంటే 32,25,600. ఆసుపత్రి ఖర్చులు, నొప్పీ బాధకు ఇచ్చేది, రాడ్లు తీయించడానికి రేపు అయ్యే ఖర్చు, పని మానేసిన నెలల కూలి, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ దీనికి అదనం.

80 వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు. 35 దగ్గరే ఆగిపోవాల్సిన పని లేదని మాత్రం చెబుతున్నాను.

ఆ రెండున్నర లక్షల మాట కూడా చెప్పాలి. చట్టంలో 164 సెక్షన్ ఉంది. తీవ్ర గాయమైతే తప్పు ఎవరిదని రుజువు చేయనక్కర లేకుండానే రెండున్నర లక్షలు, మనిషి పోతే అయిదు లక్షలు ఇవ్వాలి. మీ ఇంటికొచ్చినాయన చెప్పిన అంకె సరిగ్గా అదే. చట్టం అడుగున పెట్టిన మొత్తాన్నే ఆయన పైకప్పులా చూపిస్తున్నాడు. జాగ్రత్తగా వినండి. 164 కింద డబ్బు పద్ధతి ప్రకారం తీసుకుని ఒప్పుకుంటే, 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. చట్టంలోనే ఆ మాట ఉంది. రెండూ కుదరవు.

కొరిటెపాడు_అక్క | ఆదివారం ఉదయం 8:10

బాబాయిగారూ, లెక్క తమ్ముడికి చదివి చెప్పాను. నోట మాట రాలేదు వాడికి. కానీ సర్టిఫికెట్‌లో 35 అని ఉంటే జడ్జిగారు 80 అని ఎలా అనుకుంటారు? డాక్టరు కన్నా ఎక్కువ ఎవరికి తెలుస్తుంది?

ఫిజియో_మంగళగిరి | ఆదివారం ఉదయం 9:25

అక్కా, నేను ఫిజియోథెరపిస్టుని. డాక్టరుగారు కొలిచేది ఒకటి, కోర్టు చూడాల్సింది ఇంకొకటి. వైద్య బోర్డులో మనిషిని పడుకోబెట్టి మోకాలు ఎంత వంగుతోంది, తుంటి ఎంత కదులుతోంది, కాలు ఎంత పొట్టి అయింది, కండ బలం ఎంత అని కొలుస్తారు. దాని నుంచి శాతం వస్తుంది. ఆ మనిషి హమాలీనా, గుమాస్తానా అని ఆ కొలతకు తెలియదు. అదే మోకాలు కుర్చీలో కూర్చునే ఉద్యోగికి పెద్ద అడ్డంకి కాకపోవచ్చు, బస్తా మోసేవాడికి బతుకుతెరువే పోతుంది.

సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడండి. ఆ 35 శాతం కాలికా, మొత్తం శరీరానికా? శాశ్వతమా, తాత్కాలికమా? నాలుగు నెలలకే ఇచ్చారంటే తాత్కాలికం అని ఉండే అవకాశం ఎక్కువ. చికిత్స పూర్తయి, ఇక మార్పు ఉండదు అన్న దశకి వచ్చాక మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. ఈలోగా రోజూ ఏం చేయలేకపోతున్నాడో రాసిపెట్టండి. గొంతుక్కూర్చోగలడా? మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతున్నాడు? ఎంత బరువు, ఎంత దూరం?

కొరిటెపాడు_అక్క | ఆదివారం ఉదయం 10:40

చూశాను. కుడి కాలు అని ఉంది, తాత్కాలికం అనే ఉంది.

మొన్న ఒకరోజు జరిగింది చెప్తాను. యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) అంటే 40 కిలోల పైమాటే. వీడు రోజుకి ఎన్ని మోసేవాడో లెక్కలేదు. వీపు మీద వేసుకుని లారీకి వాల్చిన చెక్క మీద నడిచి ఎక్కాలి. ఇంట్లో పాతిక కిలోల బియ్యం మూట ఉంటే, నేను వద్దంటున్నా వినకుండా ఎత్తాడు. లేపగలిగాడు. కానీ రెండు అడుగులు వేసేసరికి కుడి మోకాలు వణికిపోయి, గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. మూట జారిపోయి గింజలు గదంతా చిందాయి. ఏరడానికి కూడా గొంతుక్కూర్చోలేక మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజే వాడు సంతకం పెట్టేద్దాం అక్కా అన్నాడు.

గుమాస్తా_గుంటూరు | ఆదివారం ఉదయం 11:30

అమ్మా, మీరు ఇప్పుడు రాసిందే మీ కేసు. ఇదే మాట మీ తమ్ముడు సాక్ష్యంలో చెప్పాలి.

జడ్జిగారు ఎలా అనుకుంటారని అడిగారు కదా. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ అని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. వైకల్య శాతం వేరు, దానివల్ల సంపాదించే శక్తిలో పోయిన శాతం వేరు అని అందులో విడదీసి చెప్పారు. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూరు శాతం నష్టం కావచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చారు. కాలికి ఇంత శాతం అంటే ఒంటికంతటికీ అంతే అని కాదని కూడా అందులోనే ఉంది. అవతలి వకీలు దాన్ని పట్టుకుని కాలికి 35 అంటే ఒంటికి ఇంకా తక్కువే అని వాదిస్తాడు. మనం పని సంగతి రుజువు చేయకపోతే ఆ వాదనే నిలబడుతుంది. 2014లో సయ్యద్ సాదిక్ కేసులో కాలు తీసేసిన కూరగాయల వ్యాపారికి సుప్రీంకోర్టు సంపాదన నష్టం 85 శాతం అని లెక్కగట్టింది. సంపాదనకు కాగితం లేదని తోసిపుచ్చలేదు, నెలకు 6,500 అని తీసుకుంది.

మరి రుజువు ఎలా? మూడు పట్టుకోండి. హమాలీ అని చూపే గుర్తింపు కార్డో, యార్డులో పేరున్న కాగితమో ఒకటి. మీ తమ్ముడితో పనిచేసిన ముఠా మేస్త్రి వచ్చి ఇతను ఇంత మోసేవాడు, రోజుకి ఇంత వచ్చేది, ఇప్పుడు ముఠాలోకి రాలేడు అని సాక్ష్యం చెప్పడం రెండోది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, వైద్యం చేసిన డాక్టరుగారిని కోర్టుకి పిలిపించడం. సర్టిఫికెట్ కాగితం దాఖలు చేస్తే సరిపోదు. హమాలీ పని చేయగలడా అన్న ప్రశ్న ఆయన్ని బోనులో అడగాలి, జవాబు రికార్డులోకి రావాలి. చాలా కేసులు దెబ్బతినేది ఇక్కడే. డాక్టరుగారి తీరిక కోసం రెండు మూడు వాయిదాలు పోతాయి, పోనివ్వండి.

పటమట_ఆటో | ఆదివారం మధ్యాహ్నం 12:15

నా కేసులో డాక్టరుగారిని పిలవనే లేదు. ఇప్పుడు అర్థమైంది.

సీతానగరం_కుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 2:00

ఇదే చర్చలో నాదీ అడుగుతున్నాను, క్షమించండి. నా కారు నేనే తోలుతూ వారధి దిగాక డివైడర్‌కి గుద్దాను. అవతల బండి లేదు. మడమ ఎముక విరిగి స్క్రూలు వేశారు, 20 శాతం అన్నారు. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షలు అని ఉంది. క్లెయిమ్ పెడితే తిరస్కరించారు. ఇది అన్యాయం కాదా?

బీమా_మాజీ | ఆదివారం మధ్యాహ్నం 3:10

బాబూ, నిజం చెబుతాను, నొచ్చుకోకు. ఆ 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకు పట్టిక ఉంది. మనిషి పోయినా, రెండు అవయవాలు లేదా రెండు కళ్లు పోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా నూరు శాతం. ఒక అవయవం లేదా ఒక కన్ను పోతే 50 శాతం. అంతే. ఎముక విరిగి అతుక్కుంటే ఆ పట్టికలోకి రాదు. తప్పు నీదే, అవతల బండి కూడా లేదు కాబట్టి 166 కింద కూడా దారి లేదు.

అలాగని చేతులు ముడుచుకోవద్దు. నీకు విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉందా? ఆఫీసు గ్రూపు పాలసీ ఉందా? వాటిలో కొన్నిటికి పాక్షిక వైకల్యం పట్టిక, పని మానేసిన వారాలకు వారానికింత అనే లాభం ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెలాఖరున 20 రూపాయలు కోత పడిందేమో చూడు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. చనిపోతే, పూర్తి వైకల్యమైతే రెండు లక్షలు, ఒక కన్ను గానీ చెయ్యి గానీ పాదం గానీ శాశ్వతంగా పనికిరాకుండా పోతే లక్ష. నీ మడమకు ఇదీ రాకపోవచ్చు, కానీ ఇంట్లో అందరి పాస్‌బుక్‌లూ చూసి పెట్టుకో.

ఇక తిరస్కరణ అన్యాయంగా ఉన్నవాళ్లకు చెబుతున్నాను. తిరస్కరించారు అని ఫోన్లో చెబితే వినకండి. ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి) వెళ్లవచ్చు, మన రాష్ట్రం అక్కడికే వస్తుంది. ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఆదేశం ఇవ్వగలరు. బీమా భరోసా పోర్టల్‌లో, 155255 నంబరులో కూడా ఫిర్యాదు చేయవచ్చు. అది కాదంటే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్ల గడువు. కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. కొరిటెపాడు అమ్మాయిగారూ, ఇది మీ తమ్ముడికి వర్తించదు. పాలసీ అవతలివాడిది కాబట్టి మీ దారి ట్రిబ్యునలే.

కృష్ణలంక_పిన్ని | ఆదివారం సాయంత్రం 5:45

పింఛను సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రావాలంటే 40 శాతం ఉండాలి. మా ఆయనకు ముందు 38 వేశారు. మళ్లీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకున్నాం. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు అన్నీ పట్టుకెళ్లాం. రెండోసారి ఒక డాక్టరమ్మ నేల మీద కూర్చుని లేవమని చెప్పి, ఎంతసేపు పడుతుందో నిలబడి చూసింది. 45 వచ్చింది. మీది తాత్కాలికమే కాబట్టి గడువు అయ్యాక తప్పకుండా మళ్లీ వెళ్లండి. పింఛను రాలేదని పరిహారం కూడా రాదనుకోవద్దమ్మా, రెండిటికీ సంబంధం లేదు.

కొరిటెపాడు_అక్క | ఆదివారం రాత్రి 8:30

పిన్నిగారూ, చాలా సంతోషం. ఒక్కటే బెంగ. వకీలు ఫీజు ఎలా? ఇంటికొచ్చినాయన తన వకీలు ఉన్నాడు, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే చాలు అన్నాడు.

గుమాస్తా_గుంటూరు | ఆదివారం రాత్రి 9:00

వచ్చినదాంట్లో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకోవు. అలా అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లవద్దు. జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. సోమవారం పొద్దున్నే వెళ్లండి. ఎఫ్ఐఆర్ నకలు, ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి బిల్లులు అసలువి పట్టుకెళ్లండి. ఇచ్చేటప్పుడు నకళ్లే ఇచ్చి అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.

కొరిటెపాడు_అక్క | గురువారం రాత్రి 9:15

అందరికీ చెప్పాలని వచ్చాను. సోమవారం వెళ్లాం. దరఖాస్తు తీసుకున్నారు, బుధవారానికి ఒక వకీలమ్మను ఇచ్చారు. కాగితాలన్నీ చూసి, చార్జిషీటు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు తెమ్మన్నారు. కారుకి ప్రమాదం రోజున బీమా ఉంది, యాప్‌లో చూపించారు. వచ్చే వారం పిటిషన్ వేస్తానన్నారు. డాక్టరుగారిని పిలిపించాలి అని నేను అనకముందే ఆవిడే అన్నారు.

మేస్త్రి ఇంటికి తమ్ముడే వెళ్లాడు, నేను తోడు వెళ్లాను. ఆయన కార్డు తీసిచ్చి, లెక్కల పుస్తకంలో వీడి పేరున్న పేజీలు వెతికి ఫొటో తీసుకోమన్నాడు. ఏ రోజు ఎన్ని టిక్కీలో రాసి ఉంది. కోర్టుకి వస్తాను, ఎన్నిసార్లు పిలిచినా వస్తాను అన్నాడు. తమ్ముడు ఆ పేజీలు చాలాసేపు చూశాడు.

ఇంటికొచ్చే ఆయన ఈ రోజు మళ్లీ వచ్చాడు. తలుపు తమ్ముడే తీశాడు. ట్రిబ్యునల్‌లో కలుద్దాం అన్నాడు.

గుమాస్తా_గుంటూరు | గురువారం రాత్రి 9:40

ఓపీ నంబరు పడగానే ఇక్కడ చెప్పండమ్మా. మొదటి వాయిదాకి మీరూ రండి, కోర్టు హాలు ఎక్కడో నేను చూపిస్తాను.